కుంకుడు నీళ్లు, కోహో పిల్లలు

ఆనకట్టను పగలగొట్టడానికి కూడా మనుషులకు జీతాలిస్తారని నేను మొదటిసారి విన్నది 1984 వేసవిలో, శాన్ రామన్‌లో, జ్యోతక్క వంటింట్లో. చేతిలో ఉన్న కాఫీ ఒలికి చీర మీద పడింది.

"కట్టడానికి కాదూ?" అన్నాను.

"కాదు వసూ, తీసెయ్యడానికే. ఎలా తీయాలో ప్లాన్ మొత్తం ఆయనే డిజైన్ చేశారు" అంది జ్యోతక్క, పక్కన కూర్చున్న మొగుణ్ణి చూపించి.

నాది విజయవాడ. బ్యారేజీ మీద సాయంత్రం గాలికి తిరుగుతూ పెరిగినదాన్ని. మా వైపు ఆనకట్ట అంటే అన్నం. దాన్ని పగలగొట్టేవాణ్ణి పోలీసులు పట్టుకెళ్లాలి గాని, కంపెనీవాళ్లు కారిచ్చి పంపడమేమిటి? పైగా ఎందుకయ్యా అంటే చేపల కోసమట. నేను ఆ మాట నమ్మడానికి వారం పట్టింది. మా ఆయన మోహన్‌కు చెబితే ఆయన కూడా నమ్మలేదు.

జ్యోతక్క పూర్తి పేరు ప్రేమజ్యోతి. నర్సాపురం ఆవిడది. తండ్రి మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. ఆవిడ నర్సు ట్రైనింగయి, 1977లో ఒక్కర్తే విమానమెక్కి ఈ దేశం వచ్చేసింది. భర్త రత్నరాజు గారు ఏడాది తర్వాత ఆవిడ వీసా మీద వచ్చారు. ఆ రోజుల్లో పెళ్లాం వెనక మొగుడు రావడమంటే మా తెలుగువాళ్లలో చెవులు కొరుక్కునే సంగతి. ఆయన అక్కడ ఇరిగేషన్‌లో కాలవలూ లాకులూ చూసిన ఇంజనీరు. ఇక్కడ మొదట్లో గోడౌన్‌లో పెట్టెలు మోశారు. జ్యోతక్క నైట్ డ్యూటీలు చేసి ఆయన్ని మళ్లీ చదివించింది. ఆ చదువు తర్వాత ఒక కంపెనీలో ఆయన చేతికొచ్చిన మొదటి పెద్ద పని ఈ ఆనకట్టే. ఇంటికెవరొచ్చినా ఆ డ్రాయింగులు పెళ్లి ఆల్బమ్‌లా తీసి చూపించేవారు పాపం.

ఇక జ్యోతక్కకు ఉన్న పిచ్చి ఒకటే, శుభ్రం. ఆసుపత్రిలో అందరూ చేతులు ఒకసారి కడుక్కుంటే ఆవిడ రెండుసార్లు. కొత్త గిన్నె కొన్నా మూడు నీళ్లు చూపించనిదే పొయ్యి ఎక్కనివ్వదు. నడుము దాటిన జుట్టు. ప్రతి శనివారం కుంకుడుకాయలతో తలంటుకుని ఆదివారం చర్చికి వచ్చేది. షాంపూ అంటే మండిపడేది. పట్టుచీరలకు కుంకుడు రసం, గొలుసులకు కుంకుడు రసం, ఆఖరికి కార్పెట్ మీద సాంబారు మరకకు కూడా అదే. ఇండియా వెళ్లొచ్చిన వాళ్లెవరైనా ఆవిడకు ఆవకాయ తేకపోయినా ఫరవాలేదు, కుంకుడుకాయలు తేకపోతే మాత్రం మాటలుండవు.

ఆనకట్ట సంగతి రత్నరాజు గారు నాకు ఓపిగ్గా చెప్పారు. ఉత్తరంగా నాలుగు గంటల డ్రైవ్‌లో, సముద్రానికి దగ్గరి కొండల్లో హార్పర్ క్రీక్ అని ఒక వాగు ఉంది. ఎప్పుడో ఒక కలప మిల్లువాళ్లు దుంగలు నిలవచేసుకోవడానికి దాని మీద గోడ కట్టారు. మిల్లు మూతపడింది, గోడ మిగిలింది. గోడ వెనక నీళ్లకన్నా బురదే ఎక్కువ. కోహో అనే రకం సాల్మన్ చేపలు సముద్రం నుంచి ఈ వాగులోకి ఎదురీది వచ్చి గుడ్లు పెడతాయి. గోడ అడ్డం కాబట్టి దాని దిగువన ఉన్న చిన్న ముక్కలోనే సరిపెట్టుకుంటున్నాయి. వందల్లో వచ్చేవి పదుల్లోకి దిగిపోయాయి.

"అయితే ఓ బాంబు పెట్టి పేల్చేస్తే పోలా?" అన్నాను.

"అయ్యో, అలా చేస్తే వెనకున్న బురదంతా ఒక్కసారిగా కిందికి దిగుతుందండీ. అవి గుడ్లు పెట్టేది గులకరాళ్ల సందుల్లో. బురద కప్పేస్తే గుడ్లకి గాలాడదు, మొత్తం చచ్చిపోతాయి. చేపల కోసం గోడ తీసి, ఆ తీయడంతోనే వాటిని చంపినట్టవుతుంది. అందుకే ముందు బురద తవ్వి ట్రక్కుల్లో పంపెయ్యాలి, నీళ్లు కొంచెం కొంచెంగా దించాలి, వానలు పడేలోగా గోడ తియ్యాలి. ఈలోపు దిగువనున్న చేపపిల్లల్ని పట్టి వేరే చోటికి మార్చాలి."

నేను నోరెళ్లబెట్టాను. మా మేనత్త కొడుకు పెళ్లికి కూడా ఇంత ఏర్పాటు జరగలేదు.

"మన పులస లాంటిదే వసూ" అంది జ్యోతక్క. "అది సముద్రం నుంచి గోదాట్లోకి రాదూ? మా నాన్న ఆ సీజన్ కోసం ఏడాదంతా ఎదురుచూసేవాడు."

"మరి మీరు పులసని పులుసు పెట్టుకున్నారు గాని ట్రక్కులెక్కించలేదు కదక్కా" అన్నాను. ఆవిడ నవ్వింది గాని, ఆ కళ్లలో అప్పటికే ఏదో పట్టుదల కనబడింది. అసలు కష్టం ఎక్కడంటే, ఈ కోహో లెక్క మూడేళ్లది. ఈ ఏడు పుట్టిన పిల్ల ఒక ఏడాది వాగులో ఉండి, సముద్రంలోకి పోయి, మూడో ఏట పుట్టినచోటికే తిరిగొస్తుంది. ఒక ఏటి పిల్లలు పోయాయంటే మూడేళ్ల తర్వాత వచ్చేవాళ్లుండరు, ఆ వరస అక్కడితో ఆగిపోతుంది. ఆసుపత్రిలో కాన్పుల వార్డు చూసే మనిషికి ఆ మాట ఎక్కడో తగిలింది.

చేపల బాధ్యత హెలెన్ అనే ఆవిడది. ప్రభుత్వం తరఫున వచ్చిన బయాలజిస్టు. ఎండకు కందిపోయిన మొహం, మగవాళ్ల బూట్లు. ఆవిడకు ఇచ్చిన మనుషులు ఇద్దరే. సాయానికి ఎవరైనా కావాలని రత్నరాజు గారితో అందట. జ్యోతక్క వెంటనే తమ తెలుగు చర్చిలో చెప్పింది. అక్కడివాళ్లకు పదిమందీ కలిసి పనిచేయడమంటే పండగ. చర్చి మనిషిని కాకపోయినా నన్ను కూడా లాక్కెళ్లింది. సెప్టెంబరులో ఒక శనివారం నాలుగు కార్లు బయల్దేరాయి. పెరుగన్నం, పులిహోర, చికెన్ వేపుడు, కూల్‌డ్రింకులు, ఐస్‌బాక్సులు. మోహన్ ఆఫీసు పనుందని తప్పించుకున్నాడు.

అంతకు ముందు వారమే చేపల్ని పెట్టడానికి ప్లాస్టిక్ పీపాలు ఆరు జ్యోతక్క ఇంటికి చేరాయి. ఉప్పునీళ్లలో ఊరబెట్టిన ఆలివ్ కాయల పీపాలవి, కంపు. వాటి మీద ఎండ పడకుండా కప్పడానికి గోనెపట్టాలు కూడా వచ్చాయి. వాటిది కిరసనాయిలు వాసన. శుభ్రం చేసి తీసుకొచ్చే పని జ్యోతక్క అడిగి మరీ తీసుకుంది. హెలెన్ ఫోన్‌లో ఒకటే మాట పదేపదే చెప్పిందట. సబ్బు వద్దు, సర్ఫు లాంటి పౌడర్లు వద్దు, బ్లీచింగ్ వద్దు. ఏ కెమికలూ తగలకూడదు.

"సబ్బు లేకుండా ఆ జిడ్డు ఎలా వదిలింది అక్కా?" అని దారిలో కార్‌లో అడిగాను. పీపాలు ముందే ట్రక్కులో వెళ్లిపోయాయి.

"ఎలాగోలా వదిలించా. మూడ్రోజులు తోమాను తెలుసా? ఇప్పుడు ముక్కు పెట్టి వాసన చూసుకో, ఏమన్నా ఉందేమో" అంది గర్వంగా. నేను ఇంకేమీ అడగలేదు. ఆవిడ ఏదైనా తోమానంటే అది మెరవాల్సిందే కదా.

వాగు దగ్గర చూసిన దృశ్యం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. పైన బూడిదరంగు గోడ, దాని వెనక మట్టి తవ్వే యంత్రాలు. దిగువన చెట్ల నీడలో, గచ్చకాయరంగు గులకరాళ్ల మధ్య మోకాలి లోతు నీళ్లు. హెలెన్ మనుషులు వల అడ్డంపెట్టి నడుస్తుంటే వేలంత చేపపిల్లలు వెండిరేకుల్లా ఎగిరిపడ్డాయి. అవే కోహోలు. మధ్యమధ్య చుక్కల ట్రౌట్ పిల్లలు. వాటిని బకెట్లలో ఎత్తి ఒడ్డున పీపాల్లో పోయడం మా పని. పీపాల్లో బ్యాటరీ పంపులు బుడగలు వదులుతున్నాయి. ట్యాంకున్న ట్రక్కు వచ్చాక వాటిని కింద చల్లని మడుగుకు తరలించాలి. ఒకటీ అరా వలకు చిక్కకుండా పోతే పోయి ఉండొచ్చు గాని, ఆ ఏడాది పుట్టినవంటూ ఉన్నవన్నీ ఆ ఆరు పీపాల్లోకే చేరాయి. పీపాలకు కాపలా జ్యోతక్క. నర్సని తెలిశాక హెలెన్ ఆవిడ చేతికి థర్మామీటరు ఇచ్చేసింది. జ్యోతక్క చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని ఒక్కో పీపా దగ్గరా ఆగి, వార్డులో రౌండ్స్‌కి తిరిగినట్టు తిరుగుతోంది.

మధ్యాహ్నానికి ఎండ మండిపోయింది. ట్రక్కు దారిలో చెడిపోయిందని కబురొచ్చింది. హెలెన్ గోనెపట్టాలు తడిపి పీపాల మీద కప్పమంది. మూడింటికి కప్పాం, తక్కిన మూడూ చెట్టు నీడలో ఉన్నాయి కదా అని వదిలేశాం. అందరూ భోజనాలకు కూర్చున్నారు.

నేనే ముందు చూశాను. ఒక పట్టా కొంచెం తొలిగితే సరిచేద్దామని వెళ్లాను. పట్టా ఎత్తేసరికి లోపల తెల్లగా నురగ. పిల్లలకు తలంటేటప్పుడు గిన్నెలో పైకి లేస్తుందే, అలాంటి నురగ. ఆ నురగలో చేపపిల్లలు పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. కొన్ని ఇంకా నోళ్లు తెరిచి గింజుకుంటున్నాయి. కేకయితే వేశాను గాని ఏమని వేశానో నాకే తెలియదు.

హెలెన్ పళ్లెం విసిరేసి పరుగెత్తుకొచ్చింది. రెండో పట్టా ఎత్తింది, మూడోది ఎత్తింది. అంతటా అదే. ఆవిడ మొహంలో రక్తం లేదు. నీళ్లలో చెయ్యి పెట్టి చూసి, వేడెక్కిపోయాయని, గాలి చాలలేదని అరిచింది. నీడలో ఉన్నవాటికి కూడా వెంటనే పట్టాలు కప్పండి, బాగా తడపండి, నీళ్లు కుమ్మరించండి అని తన మనుషుల్ని తరిమింది. వాళ్లు మిగిలిన పట్టాలు వాగులో ముంచి, నీళ్లోడుతుండగా మోసుకొస్తున్నారు.

జ్యోతక్క నా పక్కనే ఉంది. వంగి, ఆ నురగ రెండు వేళ్ల మధ్య రాసి వాసన చూసింది. ఆవిడ మొహం అలా మారిపోవడం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. మాకు రెండడుగుల దూరంలో రత్నరాజు గారు, ఆయన కంపెనీ పైఅధికారీ నిలబడి ఉన్నారు. రత్నరాజు గారు భార్య వేళ్ల వంక చూశారు. ఇంట్లో ప్రతి శనివారం వచ్చే వాసన ఆయనకు తెలియదా? ఆయనకు అర్థమైపోయింది.

"జ్యోతీ, నోరు ముయ్యి" అన్నారు తెలుగులో. గట్టిగా కాదు. కానీ స్పష్టంగా.

ఆయన ఆవిణ్ణి అలా కసరడం నేను వినడం అదే మొదలు. జ్యోతక్క చెంప మీద కొట్టినట్టు తల ఒక్కసారి ఇటు తిప్పి ఆయన్ని చూసింది. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. వేడి అనుకుంటారు, ట్రక్కు ఆలస్యం అనుకుంటారు. అక్కడ కుంకుడుకాయ మొహం చూసిన తెల్లవాడు ఒక్కడు లేడు. ఇవన్నీ ఆవిడకూ తట్టి ఉంటాయి. కానీ ఆ మనుషులు నాలుగో పీపా దగ్గరికి వచ్చేశారు.

"స్టాప్! డోంట్ కవర్! ఇట్స్ మీ! ఐ డిడ్ ఇట్!" అని ఒక్క కేక పెట్టి వెళ్లి, ముందున్నవాడి చేతిలోని పట్టా లాగేసుకుంది. చీర కాళ్లకు అడ్డం పడి మోకాళ్ల మీద కూలబడినా పట్టా వదల్లేదు.

తర్వాత అర్థమైంది ఇది. పీపాల్ని కుంకుడు రసంతో తోమింది గాని, ఏడెనిమిది నీళ్లు పోసి కడిగేసింది. గోనెపట్టాల్ని మాత్రం బాత్‌టబ్‌లో చిక్కటి రసంలో రాత్రంతా నానబెట్టి, ఒకసారి జాడించి, పిండి ఆరేసింది. దారాల్లో రసం అలాగే ఎండిపోయింది. ఇక్కడ తడపగానే మళ్లీ ఊరి పీపాల్లోకి కారింది. సబ్బు వద్దన్నారు కాబట్టే ఆ పని చేసింది. కుంకుడుకాయ సబ్బు కాదు కదా, చెట్టున కాసే కాయ! పసిపిల్లల నెత్తిన పోసేది! నేనైనా అదే చేసేదాన్ని. మా అమ్మయినా అదే చేసేది.

"ఐస్‌బాక్సులు!" అని జ్యోతక్కే అరిచింది. "వసూ, అవన్నీ పారబొయ్! త్వరగా!" కూల్‌డ్రింకులూ పెరుగూ గడ్డి మీద కుమ్మరించాం. వాగు నీళ్లతో రెండేసిసార్లు తొలిపి, నింపి, ఆ మూడు పీపాల్లో ఇంకా కదులుతున్నవాటిని ఏరి అందులో వేశాం. చర్చి ఆడవాళ్లందరూ చీరలతోనే నీళ్లలోకి దిగారు. బకెట్లు చేతులు మారుతూనే ఉన్నాయి. ఏరినవాటిలో కూడా చాలావాటికి ఊపిరి అందలేదు. రత్నరాజు గారు నిలబడ్డచోటే నిలబడి ఉన్నారు. ఆయన పైఅధికారి ఆయన చెవిలో ఏదో చెప్పి కారెక్కి వెళ్లిపోయాడు.

నీడలో ఉన్న మూడు పీపాలూ దక్కాయి, ట్రక్కు వచ్చాక వాటిలోని పిల్లల్ని మడుగుకు చేర్చారు. తక్కిన మూడూ పోయినట్టే. సాయంత్రం హెలెన్ చచ్చిపోయిన పిల్లల్ని తెల్లటి ట్రేల్లో వరసలుగా పేర్చింది. నేను చూడలేక అటు తిరిగి నిలబడ్డాను. జ్యోతక్క మాత్రం పక్కన కూర్చుని పేర్చడానికి సాయం చేసింది. భోజనాల గిన్నెలు తోమడానికని తను కాసిని కాయలు కార్‌లో తెచ్చుకుంది, అవి తీసి చూపించింది. హెలెన్ ఒక కాయ నలిపి సీసాలో నీళ్లు పోసి ఊపింది. నురగ చూసి సీసా కింద పెట్టేసింది. అరుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. ఆవిడ చివరికి అన్నదేమిటంటే, నువ్వు చెప్పకపోతే మిగిలిన సగాన్ని నా చేతులతో నేనే చంపి ఉండేదాన్ని అని.

ఆ రాత్రి ఇంటికొచ్చి మోహన్‌కు చెప్పాను. ఆయన అన్నం కలుపుకుంటూ, "కుంకుడు నీళ్లకి చేపలు చస్తాయిగా మరి. మా పిల్లకాలవలో వేసవి సెలవుల్లో మేం అలాగే పట్టేవాళ్లం" అన్నాడు చాలా మామూలుగా.

ఆ పళ్లెం ఆయన నెత్తిన వెయ్యాలనిపించింది. "ఆ ముక్క పొద్దున్న ఏడవొచ్చుగా!" అని అరిచాను. ఆయన బిత్తరపోయాడు. పాపం, ఆయనకెలా తెలుస్తుంది? మాకు మటుకు కాలవలో ఈతలెక్కడివి? కుంకుడుకాయకు మా లోకంలో తలా జుట్టూ తప్ప ఇంకో పని లేదు. మొగుళ్లకు తెలిసినది పెళ్లాలకు తెలియకపోవడం మామూలే గాని, అందువల్ల ఒక వాగులో చేపలు పోతాయని ఎవరనుకుంటారు?

రత్నరాజు గారిని ఆ పని నుంచి తప్పించేశారు. ఆయన వేసిన ప్లాను ప్రకారమే బురద తవ్వారు, ఆయన చెప్పిన వరసలోనే నీళ్లు దించారు, అక్టోబరు నెలాఖరున గోడ కూల్చారు. గులకరాళ్ల మీద బురద చేరలేదు. అంతా ఇంకొకడి పేరు మీద జరిగింది. ఈయనకు పార్కింగ్ స్థలాల డ్రాయింగులు అప్పగించారు. ఇంట్లో అవసరమైన మాటలు తప్ప మాట్లాడుకోవడం లేదని జ్యోతక్క నాతో ఒక్కసారే అంది. డ్రాయింగుల చుట్ట అటక మీదికి ఎక్కింది.

చర్చిలో కొందరు ఆవిణ్ణే తప్పుపట్టారు. "చేపలే కదమ్మా, పులుసు పెట్టుకునే చేపలు. వాటికోసం మొగుడి కెరీర్ పాడుచేసుకుంటారా ఎవరైనా?" అని ఒకావిడ నా ముందే అంది. దానికి జవాబు నేనే చెప్పాను, అదిక్కడ రాయడం బాగుండదు.

డ్యూటీ లేని రోజుల్లో జ్యోతక్క హెలెన్‌తో వాగుకు వెళ్లడం మొదలుపెట్టింది. గుడ్లున్న గులకరాళ్ల మీద అడుగు పడకుండా నడవడం నేర్చుకుంది. విచిత్రం ఏమిటంటే, కార్‌లో ఆవిణ్ణి అక్కడికి తీసుకెళ్లేది రత్నరాజు గారే. నాలుగు గంటలు నడిపి, రోడ్డు పక్కన ఆపి, కార్‌లోనే పేపరు చదువుకుంటూ కూర్చునేవారు. ఒక్కసారి కూడా వాగు దగ్గరికి దిగలేదు. మొదటి రెండు శీతాకాలాల్లో వచ్చిన చేపలు వేరే ఏళ్లవి. కొద్దిగానైనా వచ్చాయి, గోడ లేదు కాబట్టి పైకి కూడా వెళ్లాయి. అసలు చూడాల్సింది మూడో శీతాకాలం. ఆ పీపాల్లో బతికినవి వస్తే అప్పుడే రావాలి. రాకపోతే ఆ వరస ఇక లేదు.

1987 జనవరిలో నేనూ వెళ్లాను. డిసెంబరంతా జ్యోతక్క వెళ్తూనే ఉంది, ఒక్కటీ కనబడలేదు. నేను వెళ్లిన రోజు వాన అప్పుడే వెలిసింది. గోడ ఉండిన చోటు దాటి పైకి నడిచాం. హెలెన్ ముందు నడుస్తూ ఒక్కసారిగా చెయ్యి అడ్డంపెట్టి ఆపింది.

నీళ్లలో ఒక ఆడచేప. నా మోచేయంత పొడుగు. తోక తెల్లగా అరిగిపోయి, ఒంటి మీద పొలుసులు ఊడిపోయి ఉంది. పక్కకి వాలి తోకతో గులకరాళ్లు కొడుతోంది, గొయ్యి చేస్తోంది. జ్యోతక్క నా చెయ్యి పట్టుకుంది, గోళ్లు దిగేలా. నేను ఆనందంతో ఏదో అనబోతే హెలెన్ తల అడ్డంగా ఊపింది. నిన్నటి నుంచీ ఇక్కడే ఉంది, ఒంటరిగా ఉంది, మగది రాలేదు అని చెప్పింది. మగది రాకపోతే ఆ గుడ్లు వట్టి గుడ్లే. అన్ని వేల మైళ్లు తిరిగి, ఎదురీది వచ్చి ఇదా! ఎన్ని రోజులు ఎదురుచూస్తుంది అని అడిగాను. ఎన్నో రోజులుండదని, గుడ్లు పెట్టినా పెట్టకపోయినా చచ్చిపోతుందని, ఈ చేపలన్నీ అంతేనని చెప్పింది. మూడేళ్లుగా వీటి గురించి వింటున్నా ఆ సంగతి ఎవరూ నాకు చెప్పలేదు. "నీకు తెలుసా అక్కా?" అంటే, "తెలుసు" అంది నీళ్ల వంక చూస్తూనే.

వెనక అడుగుల చప్పుడైతే తిరిగి చూశాం. రత్నరాజు గారు. మేం ఎంతకీ రాకపోయేసరికి వెతుక్కుంటూ దిగినట్టున్నారు. ఆయన గోడ ఒకప్పుడు ఉన్న చోటు వైపు, ఆ పైన పారుతున్న నీళ్ల వైపు అలా చూస్తూ నిలబడ్డారు. తను గీసినది ఎలా వచ్చిందో ఆయన చూడడం అదే మొదటిసారి.

ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. మధ్యాహ్నం దాటాక కింది నుంచి చిన్న చేప ఒకటి రాళ్ల మధ్య నుంచి చరచరా పైకి వచ్చింది. జానెడుకన్నా కొంచెం ఎక్కువ. నేను ఇంకేదో రకం అనుకున్నాను. హెలెన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కోహోల్లో కొన్ని మగపిల్లలు తొందరపడి ఏడాది ముందే సముద్రం నుంచి వచ్చేస్తాయట. ఇది మనవాటి తర్వాతి ఏడు పుట్టిన కుర్రది అంది.

"ఇంత పిల్లకాయా!" అన్నాను. పెళ్లికూతురి పక్కన తోడపెళ్లికొడుకు నిలబడ్డట్టుంది. ఆడచేప దాన్ని తరమలేదు. కాసేపటికి గోతిలోకి దిగి వణికింది. కుర్రది పక్కన చేరింది. నీళ్లలో పాలు పోసినట్టు తెల్లగా ఒక్క క్షణం కమ్ముకుని పోయింది. ఆ వెంటనే ఆడచేప గోతికి ఎగువన చేరి, అరిగిపోయిన తోకతో రాళ్లు కొట్టి గుడ్లు కప్పడం మొదలుపెట్టింది. హెలెన్ ఏడుస్తోంది. ఒక్క గూడుతో అంతా బాగుపడదు, కానీ ఆగిపోలేదు, ఆగిపోలేదు అని అదే మాట అంటోంది. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

జ్యోతక్క రాయి మీద కూర్చుని ఉంది. రత్నరాజు గారు వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నారు. బూట్లు నీళ్లలో మునిగాయి, పట్టించుకోలేదు.

"ఆ రోజు... నిన్ను నోరు ముయ్యమన్నాను" అన్నారు.

ఆ రోజు ఆవిడ పక్కనే ఉన్నదాన్ని నేను. ఆ మాట ఆవిడ చెవిన పడడం, ఆవిడ తల తిప్పి ఆయన్ని చూడడం నా కళ్లారా చూశాను.

జ్యోతక్క చీర కొంగుతో ఆయన మోకాలి మీద పడిన బురద తుడిచింది.

"ఎప్పుడన్నారండీ?" అంది. "ఆ యంత్రాల రొదలో నాకేమీ వినబడలేదు."

అంతమంది ముందు, కొంప మునుగుతుందని తెలిసీ అబద్ధమాడని మనిషి, అంత నిబ్బరంగా అబద్ధమాడేసింది.